లారీకి సైన్యపు డీసెలు ఇంజను

రెండవ ప్రపంచయుద్ధం 1945లో ముగిసిన పిమ్మట, సైన్యానికి అక్కరలేని లారీలు, ఇంజన్లు మనదేశంలో ప్రజలకు అమ్మబడినవి. ఇట్టి డీసెలు ఇంజనును పెట్రోలు లారీకి బిగించదలచిన మెకానిక్కు, హైదరాబాదు పాతబస్తీలోనైనా మరెక్కడైనా, మూడు సంగతులు చూచుకొనవలెను.

మొదటిది బరువు. డీసెలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని సుమారు 16వ వంతుకు అదిమి, ఆ వేడితోనే నూనెను మండించును. ఆ ఒత్తిడికి తాళుటకై దిమ్మెను దళసరిగా పోతపోయుదురు. కనుక ముందు కమాను కట్టలు గట్టివి కావలెను.

రెండవది వేగం. పెట్రోలు ఇంజను నిమిషానికి 3,200 చుట్లు, డీసెలుది 2,400 చుట్లు తిరుగుననుకొందము. వెనుక ఇరుసులోని పళ్లచక్రాలు మార్చనిచో, గంటకు 80 కిలోమీటర్లు పోవు లారీ 60 మాత్రమే పోగలదు.

మూడవది ముఖ్యం. కొన్ని లారీలలో బ్రేకుకు తోడ్పడునది పెట్రోలు ఇంజను గాలి పీల్చునపుడు గొట్టంలో ఏర్పడు శూన్యమే. డీసెలుకు సాధారణంగా ఆ శూన్యం చాలినంత ఏర్పడదు. వేరొక పంపు అమర్చనిచో, ఇంజను ఎంత బాగా నడచినను లారీ ఆగవలసినచోట ఆగదు.

అందుకే 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఇట్టి మార్పులకు నమోదు అధికారి ఆమోదాన్ని కోరుచున్నది.