ముఖాముఖి: ప్రశ్నకు నిలిచిన ప్రముఖులు

ఉద్దేశం: ప్రపంచ ప్రముఖులతో జరిగిన సుదీర్ఘ సంభాషణలు చరిత్రకు ఏ విధంగా ఆధారాలయ్యాయో వివరించడం, ప్రశ్నించేవానికి ఉండవలసిన శ్రద్ధను, సహనాన్ని, నీతిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

ప్రశ్న నుంచే జ్ఞానం పుడుతుందన్నది మన పెద్దల విశ్వాసం. నైమిశారణ్యంలో శౌనకాది మహామునులు అడుగగా సూతుడు చెప్పిన కథలే మన పురాణాలు. అంపశయ్య మీద ఉన్న భీష్ముని ధర్మరాజు ప్రశ్నించకపోతే శాంతిపర్వమే లేదు. కఠోపనిషత్తులో నచికేతుడనే బాలుడు సాక్షాత్తు యమధర్మరాజు ఎదుట నిలిచి, మరణానంతరం మనిషి ఉన్నాడా, లేడా అని అడుగుతాడు. అది తప్ప మరేదైనా కోరుకొమ్మంటాడు యముడు. సంపదలను, దీర్ఘాయువును, భోగాలను ఎరగా చూపుతాడు. బాలుడు చలించడు. చివరకు యముడు సమాధానం చెప్పక తప్పలేదు. బలవంతుడు మాట దాటవేయజూడటం, అడిగేవాడు పట్టు విడువక నిలవడం అనాదిగా ఉన్నవే. ఆధునిక కాలంలో ఈ ప్రశ్నోత్తరాల ప్రక్రియకు 'ఇంటర్వ్యూ' అని పేరు. దీనినే తెలుగులో ముఖాముఖి అనీ, పరిపృచ్ఛ అనీ అంటున్నారు.

ఉపన్యాసానికీ ముఖాముఖికీ ఎంతో భేదం ఉంది. ఉపన్యాసంలో వక్త తాను చెప్పదలచినదే చెబుతాడు, చెప్పదలచనిది దాచుకొంటాడు. ముఖాముఖిలో ఆ స్వేచ్ఛ అతనికి పూర్తిగా ఉండదు. ఎదుట మరొక మనిషి ఉంటాడు. అతడు 'ఎందుకు?' అని అడుగుతాడు. 'అప్పుడలా అన్నారు, ఇప్పుడిలా అంటున్నారేమి?' అని నిలదీస్తాడు. జవాబులోని మాటలతో పాటు తడబాటు, మౌనం, కనుబొమల ముడి కూడ పాఠకునికో ప్రేక్షకునికో సాక్ష్యాలవుతాయి. గొప్పవారి మనస్సును తెలిసికొనడానికి వారి ఉపన్యాసాల కంటె సంభాషణలే ఎక్కువగా తోడ్పడటానికి కారణం ఇదే.

మహనీయుల మాటలను గ్రంథస్థం చేయడం పాశ్చాత్య సాహిత్యంలోనూ పాత సంప్రదాయమే. జర్మన్ మహాకవి గేటేను 1823లో కలిసిన ఎకర్‌మన్ అనే యువకుడు, 1832లో ఆ కవి మరణించేవరకు ఆయనతో జరిపిన సంభాషణలను వ్రాసిపెట్టుకొని 1836లో ప్రకటించాడు. అయితే అది శిష్యుడు భక్తితో కూర్చిన గ్రంథం. ప్రశ్నను, జవాబును వరుసగా ముద్రించే పద్ధతి పత్రికలతో వ్యాప్తిలోకి వచ్చింది. 1859లో 'న్యూయార్క్ ట్రిబ్యూన్' సంపాదకుడు హొరేస్ గ్రీలీ సాల్ట్ లేక్ నగరానికి వెళ్ళి, మార్మన్ మతశాఖ నాయకుడు బ్రిగమ్ యంగ్‌ను ప్రశ్నించి, ఆ సంవాదాన్ని తన పత్రికలో ప్రచురించాడు. ఈ ప్రక్రియ తొలి రూపాలలో దీనిని ఒకటిగా చెబుతారు. 1886లో ఫ్రాన్స్‌లో మరొక ముందడుగు పడింది. నూరేళ్ళ వయస్సు గల రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌తో నాడార్ సంభాషిస్తుండగా, అతని కుమారుడు పాల్ వరుసగా ఛాయాచిత్రాలు తీశాడు. మాటతోపాటు ముఖకవళికలు కూడ అచ్చులోకి ఎక్కాయి.

మాట్లాడుకొనే ఇద్దరూ సమానులైనప్పుడు ముఖాముఖి జిజ్ఞాసగా మారుతుంది. 1930 జులై 14న బెర్లిన్ సమీపంలోని కాపుత్ గ్రామంలో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఇంట రవీంద్రనాథ ఠాగూరుతో జరిగిన చర్చ ఇందుకు చక్కని ఉదాహరణ. సత్యం మనిషి మనస్సుతో నిమిత్తం లేకుండా ఉంటుందా అన్నది అక్కడ చర్చకు వచ్చిన ప్రశ్న. సత్యమైనా సౌందర్యమైనా మానవుని అనుభవంలో ఉన్నదే తప్ప దానికి వెలుపల లేదని రవీంద్రుడు వాదించాడు. సౌందర్యం విషయంలో ఐన్‌స్టీన్ అంగీకరించాడు గాని, సత్యం విషయంలో అంగీకరించలేదు. మానవుడు లేకపోయినా సత్యం ఉంటుందని అతని నమ్మకం. దానిని నిరూపించలేనని కూడ అతడు దాచకుండా ఒప్పుకొన్నాడు. ఒకరి అభిప్రాయాన్ని మరొకరు మార్చలేకపోయారు. అయినా ఇద్దరి ఆలోచనలోని లోతు లోకానికి తెలిసింది. సంభాషణ సఫలం కావడానికి ఏకాభిప్రాయం తప్పనిసరి కాదు.

తెలుగునేలతో సంబంధం గల ఒక సంభాషణ పరంపరను ఇక్కడ స్మరించుకోవాలి. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తికీ, భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌కూ 1961లో పరిచయం ఏర్పడింది. ఆ పరిచయం దశాబ్దాల పాటు సంభాషణగా సాగింది. 1980లో కాలిఫోర్నియాలోని ఒహాయ్‌లోనూ, ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కులోనూ వీరిరువురూ కాలం, ఆలోచన, మానవజాతి సంఘర్షణలకు మూలం మొదలైన విషయాలను దీర్ఘంగా చర్చించారు. ఆ చర్చలు 1985లో గ్రంథరూపం పొందాయి. ఈ చర్చలలో బోమ్ కేవలం జవాబులు వ్రాసుకొనే విలేఖరి కాడు. అర్థం కానిచోట ఆపి అడిగేవాడు, పదాన్ని విడదీసి చూచేవాడు. గురుశిష్యుల దూరం లేకుండా, ఇద్దరూ ఒకే ప్రశ్న ముందు కూర్చొని వెదకడం ఈ సంభాషణల ప్రత్యేకత.

కళాకారుని పనితనాన్ని తెలిసికొనడానికి మరొక కళాకారుడే తగినవాడని నిరూపించిన ఘట్టం 1962లో జరిగింది. ఫ్రెంచి చలనచిత్ర దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో, సుప్రసిద్ధ దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్‌ను కలిసి ఒక వారం పాటు ప్రశ్నించాడు. అప్పటికి త్రూఫో వయస్సు 30 ఏళ్ళు; హిచ్‌కాక్ వయస్సు 63 ఏళ్ళు. ఒకరి భాష మరొకరికి సరిగా రానందున హెలెన్ స్కాట్ అనే ఆమె దుబాసీగా కూర్చున్నది. కేవలం ఉత్కంఠ కలిగించే వినోదకారుడని కొందరు తేలికగా చూచిన హిచ్‌కాక్ ఎంతటి ఆలోచనాపరుడో, 1966లో వెలువడిన ఆ సంభాషణల గ్రంథం వల్ల లోకానికి తెలిసివచ్చింది. మంచి ప్రశ్న ఎదుటివాని గొప్పతనాన్ని కూడ వెలికితీయగలదు.

దూరదర్శన ప్రసారాలు వచ్చిన తరువాత ముఖాముఖికి కొత్త శక్తి కలిగింది. 1959 నుంచి 1962 వరకు బి.బి.సి. ప్రసారం చేసిన 'ఫేస్ టు ఫేస్' కార్యక్రమంలో జాన్ ఫ్రీమన్ ప్రశ్నలు అడిగేవాడు. అతని ముఖం ప్రేక్షకులకు కనిపించడం అరుదు. కెమేరా అతిథి ముఖం మీదనే నిలిచి ఉండేది. మనస్తత్వ శాస్త్రవేత్త యూంగ్, తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్, పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ వంటివారు ఆ కుర్చీలో కూర్చున్నారు. 1960లో గిల్బర్ట్ హార్డింగ్ అనే ప్రసిద్ధ ప్రసారకుడు అతిథిగా వచ్చినప్పుడు, మరణాన్ని గురించి అడిగిన ప్రశ్నకు అతని కంట నీరు నిండింది. తల్లిని పోగొట్టుకొన్న దుఃఖం అతనిని విడువలేదు. కొద్దివారాలకే అతడు మరణించాడు. ప్రశ్నకు ఎంత దూరం వెళ్ళే హక్కు ఉన్నది అన్న చర్చకు ఆ కార్యక్రమం నేటికీ ఉదాహరణగా నిలిచింది.

అధికారాన్ని ప్రశ్నించిన ముఖాముఖులలో 1977 నాటి డేవిడ్ ఫ్రాస్ట్, రిచర్డ్ నిక్సన్‌ల సంవాదం అగ్రగణ్యమైనది. వాటర్‌గేట్ కుంభకోణం కారణంగా నిక్సన్ 1974 ఆగస్టులో అమెరికా అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. మరుసటి నెలలోనే కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ అతనికి క్షమాభిక్ష ప్రసాదించాడు. దానితో అతడు న్యాయస్థానంలో నిలబడి సమాధానం చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఆ లోటును ఒక ఆంగ్లేయ వ్యాఖ్యాత పూరించబూనుకొన్నాడు. నిక్సన్‌కు 6 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పందం కుదిరింది. డబ్బిచ్చి మాట్లాడించడం తగదని విమర్శలు వచ్చాయి. పెద్ద ప్రసార సంస్థలు ముందుకు రాకపోవడంతో ఫ్రాస్ట్ స్వయంగా ధనం సమకూర్చుకొన్నాడు.

పన్నెండు రోజుల పాటు దాదాపు 29 గంటల సంభాషణ చిత్రీకరించారు. తొలినాళ్ళలో నిక్సన్‌దే పైచేయి. సుదీర్ఘమైన జవాబులతో అతడు కాలం గడిపివేశాడు. ఫ్రాస్ట్ పక్షాన పనిచేసిన పరిశోధకులు మాత్రం నెలల తరబడి పత్రాలను గాలించారు. కుట్రను కప్పిపుచ్చే యత్నం 1973 మార్చి 21న గాని తనకు తెలియదని నిక్సన్ చెబుతూ వచ్చాడు. అంతకు ముందే, ఆ సంవత్సరం ఫిబ్రవరిలో అతడు తన అనుచరునితో జరిపిన సంభాషణ ప్రతిని పరిశోధకులలో ఒకడైన జేమ్స్ రెస్టన్ జూనియర్ వెలికితీశాడు. వాటర్‌గేట్ ప్రస్తావన వచ్చిన రోజున ఫ్రాస్ట్ ఆ మాటలను ఎదుట పెట్టాడు. చట్టం దృష్టిలో తప్పు చేయలేదని వాదిస్తూనే, చివరకు నిక్సన్ తాను మిత్రులను, దేశాన్ని, ప్రజలను నిరాశపరచానని అంగీకరించాడు. 1977 మే నెలలో ప్రసారమైన మొదటి భాగాన్ని సుమారు నాలుగున్నర కోట్లమంది చూశారు. నచికేతుని పట్టుదలకు పత్రాల పరిశోధన తోడైతే ఏమి జరుగుతుందో ఈ ఘట్టం తెలుపుతుంది.

ఇటలీ దేశపు పాత్రికేయురాలు ఓరియానా ఫల్లాచీది వేరొక మార్గం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బాలికగా ఫాసిస్టు వ్యతిరేకోద్యమానికి తోడ్పడిన ఆమెకు అధికారమంటే సహజంగానే అనుమానం. 1972లో అమెరికా దౌత్యవేత్త హెన్రీ కిసింజర్ ఆమెతో మాట్లాడుతూ, గుర్రమెక్కి ఒంటరిగా ముందు సాగే కౌబాయ్‌తో తనను పోల్చుకొన్నాడు. ఆ మాటతో నవ్వులపాలై, ఆ ముఖాముఖికి అంగీకరించడం తన పొరపాటని తరువాత తన జ్ఞాపకాలలో వాపోయాడు. 1979లో ఇరాన్ నాయకుడు ఖొమేనీని ప్రశ్నిస్తూ, స్త్రీల వస్త్రధారణపై వాదం పెరిగినప్పుడు, తాను కప్పుకొన్న ముసుగును ఆమె అక్కడే తీసివేసింది. ఖొమేనీ లేచి వెళ్ళిపోయినా, తరువాత తిరిగి మాట్లాడటానికి అంగీకరించాడు. ఆమె సాహసాన్ని మెచ్చుకొన్నవారు ఎందరో, ఆమె తనను తానే కథానాయికను చేసికొంటుందని విమర్శించినవారూ అందరే.

ముఖాముఖికి పునాది నమ్మకం. అది చెడితే ఎంత గొప్ప సంభాషణ అయినా మచ్చపడుతుంది. 1995 నవంబరులో బ్రిటిష్ రాకుమారి డయానా తన వివాహ జీవితంలోని దుఃఖాన్ని బి.బి.సి. విలేఖరి మార్టిన్ బషీర్‌కు చెప్పుకొన్నది. రెండు కోట్లకు పైగా ప్రజలు దానిని చూశారు. ఆ కార్యక్రమం ఎంతో ప్రశంస పొందింది. కాని బషీర్ నకిలీ బ్యాంకు పత్రాలు సృష్టింపజేసి, వాటిని డయానా సోదరునికి చూపి, ఆ విధంగా ఆమె పరిచయం సంపాదించాడని 2021లో విశ్రాంత న్యాయమూర్తి లార్డ్ డైసన్ విచారణలో తేలింది. బి.బి.సి. క్షమాపణ చెప్పింది. అప్పటికి డయానా మరణించి 24 సంవత్సరాలు దాటవస్తున్నది; ఆ క్షమాపణ వినడానికి ఆమె లేదు. ఆమె చెప్పిన మాటలు ఆమెవే కావచ్చు. ఆమెను ఆ కుర్చీ వరకు నడిపించిన మార్గం మాత్రం అబద్ధం. సత్యాన్ని రాబట్టడానికి అసత్యాన్ని సాధనంగా వాడరాదన్నది ఈ ఉదంతం నేర్పే నీతి.

పై ఉదాహరణలను బట్టి మంచి ముఖాముఖికి కావలసిన లక్షణాలు గ్రహించవచ్చు. మొదటిది సంసిద్ధత. ఎదుటివాని జీవితాన్ని, రచనలను, పూర్వపు మాటలను ముందుగా చదువనివాడు అతని జవాబును తూచలేడు. రెండవది వినికిడి. తన తరువాతి ప్రశ్నను గురించి ఆలోచించేవానికి ఎదుటివాడు జారవిడిచిన ముఖ్యమైన మాట వినిపించదు. మూడవది మౌనం. జవాబు ముగిసినట్లు కనిపించిన తరువాత కొన్ని క్షణాలు ఆగితే, అసలు మాట అప్పుడు వస్తుంది. నాలుగవది నిర్భయత్వం, అది అమర్యాద కాదు. అయిదవది విశ్వసనీయత. చెప్పిన మాటను కుదించవచ్చు గాని, దాని అర్థాన్ని వక్రీకరించరాదు.

ప్రశ్నించేవానికే గాక, చదివేవానికీ చూచేవానికీ బాధ్యత ఉంది. నేడు ఎంతటివారితోనైనా జరిగిన సంభాషణ క్షణాలలో ఇంటింటికీ చేరుతున్నది. అందులో కొన్ని పొగడ్తలకే పరిమితమవుతున్నాయి. కొన్ని అరుపులతో ముగుస్తున్నాయి. ఏ ప్రశ్న అడిగారో గమనించడం ఎంత అవసరమో, ఏ ప్రశ్న అడగలేదో గమనించడం అంతే అవసరం. ఏ జవాబు సూటిగా వచ్చింది, ఏది పక్కదారి పట్టింది అని విచారించే అలవాటు విద్యార్థి దశలోనే ఏర్పడాలి. పాలకులను ప్రశ్నించడం ప్రజాస్వామ్యంలో పాత్రికేయుల పని మాత్రమే కాదు, పౌరులందరి హక్కు. ఆ హక్కును మర్యాదతో, సత్యనిష్ఠతో వినియోగించుకొనడం నేర్చిన జాతిని మోసగించడం ఎంతటి అధికారికైనా సులభం కాదు.