పేగులో జబ్బు... ఛాతీకి ఎక్స్‌రే!

‘పెద్దపేగులో క్యాన్సర్ ఉంది. ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకు రండి’... ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో డాక్టరు ఇలా చెప్పగానే ఇంట్లోవాళ్లకు వచ్చే మొదటి సందేహం ఒకటే. జబ్బు కడుపులో ఉంటే ఫొటో గుండెలకు ఎందుకని! నిజానికి అది అడగాల్సిన ప్రశ్నే. ఆ ఎక్స్‌రే ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలిస్తే అనవసరంగా కంగారుపడం, అనవసరంగా ధీమాగానూ ఉండం.

కొల్లేరును తలచుకోండి!

పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. అక్కడ బయల్దేరిన రక్తం నేరుగా గుండెకు పోదు. ముందు కాలేయానికి చేరుతుంది. ఈ ప్రాంతంవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఏలూరు మీదుగా పారే తమ్మిలేరు, విజయవాడ వైపు నుంచి వచ్చే బుడమేరు కొల్లేరులో కలుస్తాయి. ఆ నీరంతా ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. మన ఒంట్లో కాలేయమే కొల్లేరు. నీటితో కొట్టుకొచ్చిన మట్టి సరస్సులో ఆగినట్టే, పేగులోని కణితి నుంచి విడిపోయిన క్యాన్సర్ కణాలు కాలేయంలో చిక్కుకుంటాయి. అందుకే ఈ క్యాన్సర్ ఎక్కువగా పాకేది కాలేయానికి. దాన్ని దాటిపోయిన కణాలు గుండె మీదుగా వెళ్లి ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో ఆగుతాయి.

మరి వశిష్ఠ గోదావరి సంగతో? కొల్లేరుతో పనిలేకుండా అంతర్వేది దగ్గర నేరుగా సముద్రంలో కలుస్తుంది. మలాశయం కింది భాగం నుంచి వచ్చే రక్తంలో కొంత ఇలాగే కాలేయాన్ని తాకకుండా గుండెకూ, అక్కడి నుంచి ఊపిరితిత్తులకూ వెళ్తుంది. కాబట్టి అక్కడ క్యాన్సర్ వచ్చినవాళ్లకి కాలేయం శుభ్రంగా ఉన్నా ఊపిరితిత్తుల్ని చూడాల్సిందే.

‘క్లియర్’ అంటే?

1895లో రాంట్‌జన్ కనిపెట్టిన ఎక్స్‌రే చవక. చిన్న ఊళ్లోనూ దొరుకుతుంది. రేడియేషనూ తక్కువే, ప్రకృతి నుంచి మామూలుగా పది రోజుల్లో మనకు తగిలేంత. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేముందు న్యుమోనియా ఉందా, నీరు చేరిందా, గుండె పెరిగిందా అన్నది చూడటానికి పనికొస్తుంది. ఊపిరితిత్తుల్లో పెద్ద గడ్డలుంటే నాణేల్లాంటి తెల్లమచ్చలుగా కనిపిస్తాయి.

కానీ సెంటీమీటరు కన్నా చిన్నవీ, గుండె వెనకా పక్కటెముకల చాటునా దాగినవీ కంటపడకపోవచ్చు. అంటే ‘ఎక్స్‌రే క్లియర్’ అన్నమాటకు అర్థం ‘పెద్ద గడ్డలేవీ కనిపించలేదు’ అని మాత్రమే. అందుకే ఇప్పుడు క్యాన్సర్ ఎంతవరకూ పాకిందో తేల్చడానికి ఛాతీ, పొట్ట, కటి భాగాలకు సీటీ స్కాన్ తీయించమంటున్నాయి వైద్య మార్గదర్శకాలు. 1971లో తొలిసారి రోగికి వాడిన ఈ పరికరం శరీరాన్ని పొరలు పొరలుగా చూపిస్తుంది. కొద్ది మిల్లీమీటర్ల మచ్చనూ పట్టేస్తుంది. దీని రేడియేషన్ మాత్రం ఎక్స్‌రేకన్నా పదుల రెట్లు ఎక్కువ. ‘ఎక్స్‌రే సరిపోతుందా, సీటీ కావాలా?’ అని డాక్టర్ని అడగడానికి మొహమాటపడొద్దు.

మచ్చలన్నీ క్యాన్సర్ కాదు

మచ్చ కనిపించిందనగానే ఇంటిల్లిపాదీ డీలాపడిపోతారు. మనదేశంలో ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టీబీ కూడా మచ్చల్ని వదిలి వెళ్తుంది. సీటీలో బయటపడే చిన్న చిన్న మచ్చల్లో చాలావరకూ ప్రమాదం లేనివే. బీరువాలో పాత ఎక్స్‌రే ఫిల్ములుంటే వెంట తీసుకెళ్లండి. ఏళ్లకిందటి మచ్చే మారకుండా ఉందంటే సగం బెంగ తీరినట్టే. అనుమానం ఉంటే కొన్ని నెలలాగి మళ్లీ స్కాన్ చేస్తారు, లేదా ముక్క తీసి పరీక్షిస్తారు.

ఒకవేళ నిజంగానే ఊపిరితిత్తులకు పాకినా అంతా అయిపోయినట్టు కాదు. గడ్డలు ఒకటో రెండో ఉండి, రోగి తట్టుకోగలిగితే కొందరికి ఆపరేషన్‌తో తొలగిస్తారు. అలా ఏళ్ల తరబడి బతికినవాళ్లూ ఉన్నారు. ముందుగా కనిపెడితేనే ఆ అవకాశం.

ఆపరేషన్ అయ్యాక...

పేగులో కణితి తీసేశారు కదాని ఆసుపత్రి వైపు చూడటం మానేయకూడదు. జబ్బు తిరగబెట్టడమంటూ జరిగితే ఎక్కువమందిలో మొదటి మూడేళ్లలోనే జరుగుతుంది. సీఈఏ రక్తపరీక్ష, సీటీ స్కాన్, కొలనోస్కోపీ డాక్టరు చెప్పిన తేదీలకు చేయించుకోవాలి. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. డబ్బు కట్టేముందు ఆసుపత్రిలోని ఆ కౌంటర్లో వాకబు చేయండి.

మరో మాట. ఛాతీ ఎక్స్‌రే పేగు క్యాన్సర్ని కనిపెట్టలేదు. అందుకు కొలనోస్కోపీయే దారి. మలంలో రక్తం పడుతున్నా, విరేచనం తీరు వారాల తరబడి మారినా, కారణం లేకుండా రక్తం తగ్గినా ‘మొలలేలే’ అని సరిపెట్టుకోకుండా ముందు ఆ పరీక్ష గురించి అడగండి.