నవజాత శిశువుల ఆకలి, ఎదుగుదల: హార్మోన్ల పాత్ర

విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి ప్రసూతి కేంద్రాలలో 2,500 గ్రాములకు తక్కువ బరువుతో పుట్టిన శిశువు త్వరగా బరువు పెరగాలని అందరూ ఆశిస్తారు. అయితే ఆకలిని, ఎదుగుదలను నియంత్రించే సంకేతాలు వేర్వేరు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించిన గ్రెలిన్ ప్రధానంగా జీర్ణాశయంలో ఉత్పత్తియై ఆకలిని ప్రేరేపిస్తుంది. 1994లో గుర్తించిన లెప్టిన్ కొవ్వు నిల్వల స్థితిని మెదడుకు తెలియజేస్తుంది. గర్భస్థ దశలో ఎదుగుదలకు ఇన్సులిన్, దానిని పోలిన వృద్ధి కారకాలు కీలకం. పీయూష గ్రంథి వృద్ధి హార్మోన్ ప్రాధాన్యం జననానంతరం క్రమంగా పెరుగుతుంది.

భారతీయ శిశువులపై పుణెలో జరిగిన అధ్యయనాలు బరువు తక్కువైనా శరీరంలో కొవ్వు పాలు తగ్గలేదని చూపాయి. కనుక బరువుతోపాటు పొడవు, తల చుట్టుకొలత ఎదుగుదలను కూడా గమనించాలి. లెప్టిన్ సహజంగానే ఉన్న తల్లిపాలు శిశువుకు పోషణనే కాక హార్మోన్ సంకేతాలనూ అందిస్తాయి.