అంకె ఒక్కటే.. అర్థాలు రెండు
తిరుచానూరు: రేణిగుంట విమానాశ్రయానికి వచ్చీపోయే విమానాలు తిరుచానూరు పరిసర గ్రామాల వారికి నిత్యం కనిపించేవే. 1993 నవంబరు 15న మాత్రం ఒక భారీ విమానం రన్‌వే దాకా రాలేకపోయింది. 262 మందితో ఉన్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300 విమానం తిరుపతి విమానాశ్రయానికి 14 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 26 కిలోమీటర్ల దూరంలో వరి పొలంలో దిగింది. అదృష్టవశాత్తూ అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

మద్రాసు నుంచి హైదరాబాద్ వెళ్లిన ఆ విమానం అక్కడ రన్‌వే సరిగా కనిపించక దిగలేకపోయింది. తిరిగి పైకి లేచేటప్పుడు రెక్కల వెనుక ఉండే ఫ్లాప్స్ పూర్తిగా ముడుచుకోలేదు. తక్కువ వేగంతో దిగేందుకు తోడ్పడే ఈ పలకలు ప్రయాణంలో గాలికి అడ్డుపడతాయి. ఎదురుగాలిలో గొడుగు పట్టుకుని నడిచినట్టే. వేగం తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. సమీపంలో అనువైన విమానాశ్రయం దొరకక మద్రాసుకు మళ్లగా, దారిలోనే ఇంధనం నిండుకుంది.

పైలట్ల లెక్క తప్పిందని తీర్పు చెప్పడం తేలికే. అయితే ట్యాంకులో ఎంత మిగిలిందో చెప్పే మీటరు, ఆ స్థితిలో అది ఎంత దూరానికి సరిపోతుందో చెప్పదు. ఆందోళన నడుమ ఆ లెక్క మనిషే వేసుకోవాలి.

లెక్కను కంప్యూటరుకు అప్పగించినా చిక్కు తీరలేదు. 2000 జులై 12న గ్రీస్ నుంచి జర్మనీ బయలుదేరిన హపాగ్ లాయిడ్ ఏ310 విమానం చక్రాలు పూర్తిగా ముడుచుకోలేదు. ఇంధనం ఎందాకా వస్తుందో చూపిన కంప్యూటరు, వేలాడుతున్న చక్రాల భారాన్ని లెక్కలోకి తీసుకోలేదు. వియన్నా రన్‌వేకు కొద్ది దూరంలో ఇంజిన్లు ఆగిపోయాయి. అక్కడా ప్రాణనష్టం లేదు. 2004లో జర్మనీ కోర్టు కెప్టెన్‌ను దోషిగా తేల్చింది. ఆయన తప్పు లేదనలేము గానీ, తెరపై అంకె దేన్ని వదిలేసిందో తెరపైనే కనిపించి ఉంటే కథ వేరుగా ఉండేది.

మన పొరుగున బెంగళూరులో అదృష్టం కలిసిరాలేదు. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఏ320 విమానం రన్‌వే చేరకముందే గోల్ఫ్ మైదానంలో కూలి, 146 మందిలో 92 మంది మరణించారు. ఏ320లో విమానం ఏ ఎత్తుకు చేరాలో నిర్ణయించే మీట, ఎంత వేగంగా కిందికి దిగాలో నిర్ణయించే మీట పక్కపక్కనే ఉంటాయి. నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగాలని తలచి, 700 అడుగుల ఎత్తును ఎంచుకుని ఉండవచ్చని విచారణలో చర్చకు వచ్చింది. ఇంజిన్లు కనిష్ఠ శక్తిలోనే ఉండిపోగా వేగం పడిపోయింది. గుర్తించి శక్తి పెంచేసరికే ఆలస్యమైంది.

రెండేళ్లు తిరగకుండానే, 1992 జనవరి 20న, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ వద్ద మరో ఏ320 కొండను ఢీకొని 87 మంది చనిపోయారు. పైలట్లు 3.3 డిగ్రీల వాలులో దిగాలనుకుని 33 అంకెను పెట్టారని, యంత్రం మాత్రం దాన్ని నిమిషానికి 3,300 అడుగులుగా తీసుకుందని దర్యాప్తు అధికారులు బలంగా భావించారు. ఒకే గడిలో, ఒకే మీటతో రెండు రకాల కొలతలు! ఏది అమల్లో ఉందో చెప్పేది పక్కనున్న చిన్న అక్షరాలే. రాత్రివేళ, పని ఒత్తిడిలో దాన్ని పొరబడకుండా చదవాలనడం మనిషి నుంచి ఎక్కువే ఆశించడం.

విమానయాన రంగంలో దీన్ని హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటారు. మనిషికి ఎంత శిక్షణ ఇచ్చారన్నదే కాక, అతని ముందు ఏం పెట్టారన్నదీ ఇందులో ప్రశ్నే. స్ట్రాస్‌బర్గ్ ప్రమాదం తర్వాత ఎయిర్‌బస్ ఆ గడిని మార్చింది. దిగే వేగాన్ని రెండంకెలతో కాక నాలుగంకెలతో చూపించసాగింది. రేణిగుంటకు వచ్చే ఏ320 తరగతి విమానాల్లో పైలట్లకు ఇప్పుడు 33 బదులు 3300 కనిపిస్తుంది.