నిమ్మరసం మరక నుంచి యురేనియం మిల్లు దాకా

కడప బండ పరచిన వంటింట్లో నిమ్మకాయ పిండేటప్పుడు నాలుగు చుక్కలు కింద పడితే, ఎంత తుడిచినా పోని తెల్లటి మచ్చ మిగులుతుంది. రాయలసీమలో ఈ సంగతి ఎరగని ఇల్లు ఉండదు. "బండ మీద పులుపు పడనీయొద్దు" అని పిల్లలకు చెబుతూనే ఉంటారు. ఎందుకు పడకూడదో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. కడప బండ సున్నపురాయి. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం తగిలిన చోట రాయి కాస్త కరిగి కార్బన్ డయాక్సైడ్ వాయువు వెలువడుతుంది. పైనున్న నునుపు పోయి గరుకు తేలుతుంది. మనం మరక అనుకునేది నిజానికి రాయి కరిగిపోయిన జాగా. హైస్కూలు పిల్లలు ఆమ్లాలు, క్షారాల పాఠంలో బట్టీ పట్టే సమీకరణం వాళ్ళ వంటింట్లోనే రోజూ జరుగుతోంది.

ఈ మచ్చను పట్టుకుని నడిస్తే తుమ్మలపల్లె దాకా వెళ్ళవచ్చు.

పులివెందులకు దగ్గరలో, వేముల మండలంలో ఉన్న పల్లె ఇది. ఇక్కడ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా గనికి, మిల్లుకు 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో పని మొదలైంది. ఇక్కడి యురేనియం డోలమైట్ రాతిలో ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని వేంపల్లె రాతిపొరలు అంటారు. డోలమైట్ కూడా సున్నపురాతికి దగ్గరి చుట్టమే, కాల్షియంతో పాటు మెగ్నీషియం కలిసిన కార్బొనేట్. జార్ఖండ్‌లోని జాదుగూడలో ఇదే సంస్థ ఖనిజం నుంచి యురేనియాన్ని గంధకికామ్లంతో రాబడుతుంది. తుమ్మలపల్లెలో ఆ పద్ధతి కుదరలేదు. ఇక్కడి రాతి మీద ఆమ్లం పోస్తే, యురేనియాన్ని కరిగించేలోపే ఆమ్లమంతా రాయే తాగేస్తుంది. అందుకే ఆమ్లం మాని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన క్షార ద్రావణంతో, ఎక్కువ వేడిలో, ఎక్కువ పీడనంలో యురేనియాన్ని కరిగించే మిల్లు కట్టారు. వంటింటి బండ మీద నిమ్మచుక్క చేసిన పనికీ, ఇంత పెద్ద కర్మాగారం తీసుకున్న నిర్ణయానికీ మూలం ఒకే రసాయన చర్య. ఈ ముడి విప్పి చూపిస్తే పదో తరగతి పిల్లవాడు ఆ సమీకరణాన్ని జన్మలో మరిచిపోడు.

విజ్ఞానం, గణితం ఊరి నేల మీద నుంచి, పిల్లలు తమ చేత్తో కొలిచిన కొలతల నుంచి మొదలుకావాలి. తుమ్మలపల్లె లాంటి ఊళ్ళలో ఇది మంచి బోధనా పద్ధతి మాత్రమే కాదు, అక్కడి పిల్లల హక్కు.

గణితమే చూద్దాం. శాతాల లెక్క చెప్పడానికి పుస్తకంలో లాభనష్టాలు, బారువడ్డీ ఉంటాయి. తుమ్మలపల్లె పిల్లలకు అంతకంటే దగ్గరి లెక్క ఉంది. ఇక్కడి ఖనిజంలో యురేనియం సుమారు 0.04 శాతం. టన్ను అంటే పది లక్షల గ్రాములు కాబట్టి, టన్ను రాతిలో 400 గ్రాములు. మిల్లును రోజుకు 3,000 టన్నుల సామర్థ్యంతో నిర్మించారు. పిసరు వదలకుండా రాబట్టినా రోజుకు దొరికేది 1,200 కిలోలు, అంటే టన్నుంబావు కన్నా తక్కువ. మిగిలిన దాదాపు 2,999 టన్నుల పొడి రాయి ఎక్కడికి పోతుంది? వ్యర్థాల చెరువుకు. దశాంశ బిందువు ఒక స్థానం అటూ ఇటూ జరిగితే ఏమవుతుందో ఈ లెక్క చేసిన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

బోరుబావిలో ఇంకా మంచి లెక్క ఉంది. సీమలో బోరు వేసినప్పుడు "ఎన్ని అంగుళాల నీళ్ళు పడినాయి?" అని అడుగుతారు. ఆ అంగుళాలను లీటర్లలోకి మార్చడానికి ఒక బకెట్టు, సెకండ్లు చూపే గడియారం చాలు. 15 లీటర్ల బకెట్టు 6 సెకండ్లలో నిండితే సెకనుకు రెండున్నర లీటర్లు. తొమ్మిది గంటల కరెంటులో 81,000 లీటర్లు. ఎకరాకు 1,200 అరటి చెట్లు, చెట్టుకు రోజుకు 20 లీటర్లు అనుకుంటే ఎకరాకు 24,000 లీటర్లు కావాలి. భాగిస్తే మూడు ఎకరాల పైచిలుకు. ఈ బోరును నమ్ముకుని ఐదెకరాల్లో పిలకలు నాటవచ్చా? ఆరో తరగతి పిల్ల చెప్పగల జవాబిది. దాని మీద ఒక కుటుంబం తెచ్చే అప్పు ఆధారపడి ఉంటుంది. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2018 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 28 శాతం లోపే. అర్థం లేని అంకెలను అర్థం లేకుండానే భాగించమంటే ఏ పిల్లలకైనా మనసు ఎలా నిలుస్తుంది?

ఇక నీటి నాణ్యత. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ళు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని కొన్నేళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. దానికి తమ కార్యకలాపాలు కారణం కాదని సంస్థ చెబుతోంది. ఈ రెండు మాటల మధ్య నిలబడి ఒక పరీక్షా నివేదికను చదవగలిగినవాళ్ళు ఆ ఊళ్ళలోనే పుట్టాలి. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు. ఆ హద్దు దగ్గర ఒక్క గ్రాము యురేనియం 33,000 లీటర్లకు పైగా నీటిలో, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఏడింటిలో కలిసి ఉంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి చెప్పిన హద్దు 60 మైక్రోగ్రాములు. రెండు హద్దులు ఎందుకు? మొదటిది మూత్రపిండాలకు కలిగే రసాయనిక హానిని చూసింది, రెండోది రేడియోధార్మికతను చూసింది. ఈ తేడా తెలిసిన పిల్లలు వదంతికి భయపడరు, ఊరడింపుకు లొంగరు. నమూనా ఏ బోరుది, ఎంత లోతుది, ఏ నెలలో తీశారు అని అడుగుతారు. ప్రశ్న సరిగా అడగడమే విజ్ఞానంలో సగం.

ఇలాంటి చదువు సాధ్యమేనా అనే అనుమానం అక్కరలేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన విజ్ఞాన బోధనా కార్యక్రమం ఉపన్యాసాలను పక్కనపెట్టి పిల్లలను పొలాలకు, ప్రయోగాలకు నడిపించింది. పుస్తకం దగ్గర పెట్టుకుని రాసే పరీక్ష, చేసి చూపించే పరీక్ష పెట్టింది. వందల బడులకు విస్తరించాక 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మన సీమలోనే మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం, ఒకే గదిలో అన్ని తరగతులూ కూర్చునే పల్లె బడి కోసం కార్డులతో నడిచే పద్ధతి తయారు చేసింది. అందులో ప్రతి బిడ్డా తన మెట్టు మీద నుంచే పైకి ఎక్కుతుంది. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం కేంద్రంగా ప్రయోగ పరికరాలను వాహనాల్లో బడుల దగ్గరికే తీసుకువెళ్తోంది. జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికతో, పరీక్షలతో తెలుగు పిల్లలకు సైన్సు రుచి చూపిస్తోంది. మనకు దారులు తెలుసు. ఒక ఉత్తర్వుతో ఆగిపోకుండా వాటిని ఊరి బడిలో, ఊరి టీచరు చేతిలో వేళ్ళూనేలా చేయాలి.

అందుకు పెద్ద ఖర్చు లేని పనులు నాలుగున్నాయి. వారానికి ఒక పీరియడు తరగతి గది బయట జరగాలి, అది టైంటేబుల్‌లో రాసి ఉండాలి. పిల్లలు కొలిచిన కొలతల పుస్తకానికి పరీక్షలో మార్కులుండాలి. పరీక్షకు రానిది ఎంత మంచిదైనా మన బడుల్లో నిలవదు. పాఠం ఇంగ్లీషులో ఉన్నా ఆలోచన తెలుగులో సాగనివ్వాలి. రెండు భాషల్లో అచ్చయిన పాఠ్యపుస్తకాల్లో తెలుగు పేజీని దాటవేయకుండా చదివించాలి. ఇక పక్కనే వేంపల్లె మండలం ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. గనిలో ఇంజనీర్లు, రసాయన శాస్త్రజ్ఞులు ఉన్నారు. నెలకొకసారి వాళ్ళు చుట్టుపక్కల బడులకు రావాలి, పిల్లల కొలతలు చూడాలి, ప్రశ్నలకు జవాబివ్వాలి.

తమ ఊరి నేలలోని రాళ్ళను కూడా పిల్లలకు చూపించాలి. వేంపల్లె డోలమైట్‌లో అల్లికలా పొరలు పొరలుగా గుండ్రని ఆకారాలు కనిపిస్తాయి. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు. సుమారు రెండు వందల కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. అందులో పెరిగిన నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు మిగిల్చిన గుర్తులివి. మనం పీల్చే ఆక్సిజన్‌ను భూమి మీద మొదట నింపింది ఆ జాతివే. ఆ రాతిలోనే ఉన్న యురేనియం 238 సగానికి తగ్గడానికి, అంటే దాని అర్ధాయువుకు, సుమారు 450 కోట్ల ఏళ్ళు పడుతుంది. అంటే ఆ సముద్రం ఎండిపోయి ఇంత కాలం గడిచినా ఇంకా ఒక అర్ధాయువు కూడా పూర్తి కాలేదు. వాన కోసం ఆకాశం చూసే ఊరు ఒకప్పుడు సముద్రగర్భమని తెలిసిన బిడ్డ కాళ్ళ కింది నేలను మళ్ళీ పాత కళ్ళతో చూడదు.

అన్నిటికంటే ముందు ప్రతి బడిలో ఒక వాన పుస్తకం తెరవాలి. నిటారు గోడలున్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్ని గరాటులా బోర్లించాలి. అడుగున వంపులుంటే, వంపులు మునిగేదాకా నీళ్ళు పోసి అక్కడ సున్నా గుర్తు పెట్టుకోవాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వంద చదరపు మీటర్ల బడి కప్పు మీద ఏడాదిలో 700 మిల్లీమీటర్ల వాన పడితే 70,000 లీటర్లు. పక్క పేజీలో బడి బోరు నీటిమట్టం నెలనెలా రాయాలి. ఒక తరగతి వెళ్ళిపోతూ ఆ పుస్తకాన్ని తర్వాతి తరగతికి అప్పగించాలి. పదేళ్ళు గడిచాక ఆ ఊరి నీళ్ళ గురించి ఎవరు ఏమి చెప్పినా, ముందుగా తెరవవలసిన సాక్ష్యం అదే అవుతుంది. దాన్ని మొదలుపెట్టడానికి ఒక సీసా, ఒక స్కేలు, మృగశిర కార్తెలో పడే తొలి వాన చాలు.