నూరేండ్ల దీవెనయు, నిండైన బ్రతుకును

పెద్దలకు నమస్కరించినపుడు “నిండు నూరేండ్లు వర్ధిల్లుము” అని దీవించుట మన దేశాచారము. మన తాతల నాడు ఆ దీవెన కోరిక మాత్రమే. నేడది యనేకులకు చేతికందు దూరమునకు వచ్చినది. అయినను ఏండ్లు పెరిగినంత మాత్రమున బ్రతుకు నిండునా? కాలువకు నీరు పుష్కలముగా వదలినను, పొలమునకు గట్టు లేనిచో ఆ నీరు పైరుకు దక్కదు. ఆయువు సంగతియు నట్టిదే. కావున ఈ మాసమున మేము విత్తనములను, ఎరువులను కొంచెము ప్రక్కనుంచి, దీర్ఘాయువును గూర్చియు, దానిని సార్థకము చేసికొను విధమును గూర్చియు మన సభ్యులకు మనవి చేయ దలచితిమి.

ముందుగా ఆయువు ఎంత పెరిగినదో చూతము. 1941–51 దశాబ్దమున మన దేశములో పుట్టిన శిశువు సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. 2016–20 నాటి ప్రభుత్వపు లెక్కలలో అది 70 సంవత్సరములు. ఈ సంఖ్యలను చూచి, మన ముత్తాతలందరును ముప్పది రెండవ యేటనే గతించిరని తలంచుట పొరపాటు. ఒక యింట ఇద్దరు శిశువులు పుట్టి, ఒకరు పురిటిలోనే పోయి, రెండవవారు 70 ఏండ్లు జీవించినచో, ఆ యిద్దరి సగటు 35 మాత్రమే యగును. ఆ కాలమందును మన యూళ్ళలో ఎనుబది యేండ్ల వృద్ధులుండిరి. సగటును దిగలాగినది ముఖ్యముగా పసిబిడ్డల చావు. 1951 ప్రాంతమున పుట్టిన ప్రతి వేయిమందిలో 146 మంది యేడాది నిండకయే మరణించుచుండిరని లెక్క. 2020లో ఆ సంఖ్య 28కి తగ్గినది.

ఈ మార్పు ఏ రసాయనము వలనను, ఏ మూలిక వలనను వచ్చినది కాదు. టీకాలచే మశూచికము 1975లో మన దేశమున తుదముట్టెను. మంచినీటి బావులు, కుళాయిలు వచ్చుటచే కలరా వెనుకంజ వేసెను. మలేరియా తగ్గెను. విరేచనములతో సొమ్మసిల్లిన బిడ్డకు ఉప్పు, చక్కెర తగు పాళ్ళలో కలిపిన నీరు త్రాగించి బ్రతికించు ఉపాయము తల్లులకు తెలిసెను. పంట హెచ్చెను, ఒక తావున కరవు వచ్చినచో మరియొక తావు నుండి ధాన్యము చేరుటకు త్రోవలేర్పడెను. వీనిలో నే యొక్కటియు ఒక గృహస్థుడు తన యింట కూర్చుండి తనకొక్కనికే సంపాదింపగలిగినది కాదు. ఊరంతయు శుభ్రముగా నున్నగాని ఒక యిల్లు క్షేమముగా నుండదు. కనుక ఆయువు పెరుగుటయే పదిమంది కలసి సాధించిన సహకార ఫలమన్నచో అతిశయోక్తి కానేరదు.

ఇక ఎవరికి వారు చేసికొనవలసినదియు కొంత గలదు. “మా వంశమున అందరును దీర్ఘాయువులు” అని కొందరు ధీమాగా నుందురు. డెన్మార్కు దేశమున 1870 మొదలు 1900 వరకు పుట్టిన కవలలను పరిశీలించి 1996లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఆయుర్దాయపు భేదములలో వంశమునకు చెందునది సుమారు నాలుగవ వంతు. అంతకు మించునని వాదించువారును లేకపోలేదు. ఎట్లయినను పుట్టుకను మార్చుకొనుట మన చేతిలో లేదు. నడవడిని మార్చుకొనుట మన చేతిలో నున్నది. పొగాకు మన జిల్లాలకు డబ్బు తెచ్చు పంటయే యైనను, చుట్ట కాల్చువారి గుండెకును ఊపిరితిత్తులకును అది శత్రువు. కోస్తా పల్లెలలో కొందరు, ముఖ్యముగా స్త్రీలు, నిప్పున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అడ్డపొగ అంగిటి రాచపుండునకు కారణమగుచున్నదని వైద్యులు ఏనాడో నిర్ధారించిరి. రక్తపు పోటు, చక్కెర వ్యాధి నొప్పి పుట్టింపకయే లోలోన దేహమును తినివేయును గావున, నలువది దాటిన వారు ఏటేట పరీక్ష చేయించుకొనవలెను. ఎడ్లకు జబ్బు చేసినచో పరుగెత్తు రైతు తన దేహము విషయమున ఉపేక్ష చేయుట తగదు.

దేహమును నిలుపుకొనుట ఇట్లు. నిలిచిన దేహముతో ఏమి చేయవలెననునది తరువాతి ప్రశ్న. దీనికి సమాధానము దీర్ఘాయుష్మంతుల చరిత్రలలో కొంత దొరకును.

జపాను దేశమునకు దక్షిణమున ఒకినావా యను దీవులు గలవు. అచ్చటి వృద్ధులు లోకప్రసిద్ధులు. వారి పూర్వపు ఆహారము ముఖ్యముగా చిలగడదుంప, కూరగాయలు. కడుపు పదింట ఎనిమిది పాళ్ళు నిండగానే చేయి కడుగుకొనవలెనని వారి నానుడి. అంతకంటె మనము గమనింపవలసినది అచ్చటి ‘మొఆయి’ యను ఏర్పాటు. ఇరుగుపొరుగువారు జట్టుగా నేర్పడి, నెలనెల కొంత సొమ్ము వేసికొని, అక్కరగలవారికి వంతుగా నిచ్చుకొందురు. ఇది మన యూళ్ళలోని చీటీకి దగ్గరి చుట్టము వంటిది. సొమ్ముతో మొదలైన యా జట్టు కాలక్రమమున మనుష్యుల జట్టగును. నెలకొక మారు కూడునపుడు ఒకరు రాకున్నచో, ఏల రాలేదని తక్కినవారు విచారింతురు. అయితే యుద్ధానంతరము అచ్చటి తరువాతి తరముల తిండి మారినది. కొవ్వు పదార్థములు హెచ్చినవి, నడక తగ్గినది. జపానులోని 47 మండలములలో పురుషుల ఆయుర్దాయమునందు 1995లో నాలుగవ స్థానమున నున్న ఒకినావా 2000 నాటికి 26వ స్థానమునకు దిగెను. నేల అదే, నెత్తురు అదే. నడవడి మాత్రమే మారినది.

ఆ దేశమువాడే జిరోయెమోన్ కిమురా. ఈయన 1897లో పుట్టి 2013లో, 116 సంవత్సరములు నిండిన పిదప గతించెను. పుట్టుక లెక్కలు సరిగా తేలిన పురుషులలో ఈయనకంటె ఎక్కువ కాలము జీవించినవారు లేరు. తపాలా ఉద్యోగము విరమించిన పిమ్మట ఈయన ఇంట ఊరక కూర్చుండక, తొంబది యేండ్ల ప్రాయము వరకు సేద్యపు పనులలో పాల్గొనెను. మన గోదావరి రైతులు నేటికిని తలచుకొను సర్ ఆర్థరు కాటను 1803లో జన్మించి 1899 వరకు, అనగా 96 సంవత్సరములు జీవించెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగియునప్పటికి ఆయనకు ఏబదియైన నిండలేదు. నడుమ దేహారోగ్యము చెడి సెలవుపై పోవలసి వచ్చినను, ఆయన వార్ధక్యమును మంచమునకు అప్పగింపలేదు. ఇంగ్లండులోని తన తోటలో లోతుగా త్రవ్వి పైరు పెంచు పరీక్షలు చేయుచుండెను. గుంటూరు మండలపు నిడుబ్రోలువారైన ఆచార్య రంగాగారు 1900లో పుట్టి 1995 వరకు జీవించిరి. తొంబదవ యేట గూడ పార్లమెంటులో సభ్యులుగా నుండిరి.

పని చేయుటచేతనే వీరందరు దీర్ఘకాలము జీవించిరని మేము చెప్పుట లేదు. ఆరోగ్యముండుటచేతనే పని చేయగలిగిరని యెవరైన ఆక్షేపింప వచ్చును. మేము చెప్పునది వేరు: అన్ని యేండ్లు బ్రతికినను, రేపటికొక పని మిగిలియుండుటచే వారికి బ్రతుకు బరువు కాలేదు. తోడు విషయమున మాత్రము లెక్కలే యున్నవి. 2010లో అమెరికా పరిశోధకులు 148 పరిశోధనలను, మూడు లక్షలకు పైబడిన జనుల వివరములను కలిపి చూచి, బంధుమిత్రుల తోడు బలముగా గలవారు, అది కొరవడిన వారికంటె ఆ కాలమున బ్రతికి యుండు అవకాశము ఒకటిన్నర రెట్లు గలవారని తేల్చిరి.

ఇప్పుడు మన యూరికి వత్తము. అరువదియైదేండ్ల రైతు పొలమంతయు కుమారుల పేర వ్రాసి యిచ్చును. కుమారులు పట్నమునకు పోయి పొలమును కౌలుకిత్తురు. నిన్నటి వరకు తెల్లవారుజామున మడి చూడ బోయినవాడు నేడు అరుగు మీద కూర్చుండి దారిని పోవువారిని లెక్కించును. నాట్లను గూర్చి ఆయనను అడుగువారు లేరు. మందులకు నూరు రూపాయలు కావలసి కోడలిని అడుగుటకు నోరు రాదు. ఈ మనుష్యుని ఆయువు తగ్గలేదు. కాని ఆయువులోని సారము ఆరిపోయినది. ఇందుకు కుమారులనే నిందించుట న్యాయము కాదు. పెద్దలలో గూడ, చివరి శ్వాస వరకు తాళపుచెవులు మొలను విడువక, నలువది యేండ్ల కొడుకును పసివానివలె నడపుచు ఇల్లు కలహముల పాలు చేయువారున్నారు.

మా అభిప్రాయము మూడు మాటలలో చెప్పవచ్చును: పెత్తనము విడువుడు, పని విడువకుడు, నీడ విడువకుడు. ఏ పైరు వేయవలెను, ఎక్కడ అమ్మవలెను అను నిర్ణయములను కుమారులకు, కుమార్తెలకు సకాలమున అప్పగింపుడు. కాని విత్తనపు గింజ ఏరుట, పెరటి కూరమడి, పశువుల బాగోగులు, మనుమలకు చదువు చెప్పుట వంటి పని యేదైన మీదిగా నుంచుకొనుడు. మీ తలపై నీడయగు ఇంటిని, మీ తిండికి చాలు ఆధారమును మాత్రము చేజార నీయకుడు.

ఈ కడపటి మాటకు ఫ్రాన్సు దేశపు ముచ్చట యొకటి నిదర్శనము. జీన్ కాల్మెంట్ అను స్త్రీ 1875లో పుట్టి 1997లో, 122 ఏండ్లు దాటిన పిదప మరణించెను. లెక్కకు వచ్చిన మనుష్యులలో అత్యంత దీర్ఘాయువు ఆమెయే. తన తొంబదవ యేట, 1965లో, ఆమె తన యింటిని ఒకనికి అమ్మెను. తాను బ్రతికియున్నంత వరకు నెలకు 2500 ఫ్రాంకులు చెల్లింపవలెను, ఇల్లు తన మరణానంతరమే అతనికి చెందవలెను అని ఒడంబడిక. ముసలమ్మ ఎంతో కాలముండదని తలంచిన ఆ కొన్నవాడు ముప్పది యేండ్లు చెల్లించి, 1995లో ఆమె కంటె ముందే మరణించెను. అతని కుటుంబము చెల్లింపులు సాగించెను. ఇందలి హాస్యము నటుంచి నీతిని గ్రహింపుడు: ఆమె కాగితముపై తన నీడను కాపాడుకొనెను.

మన దేశమునను అట్టి రక్షణ కలదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టములోని 23వ సెక్షను ప్రకారము, తమను పోషింపవలెనను షరతుపై అరువది నిండినవారు ఆస్తి వ్రాసి యిచ్చి, పుచ్చుకొన్నవారు ఆ షరతును నిలుపనిచో, ఆ దస్తావేజును రద్దు పరుప ట్రిబ్యునలుకు అధికారము గలదు. అర్జీని ఆర్డీఓ గారికి పెట్టుకొనవలెను. షరతు ఉన్నట్లు తేలనందున ఒక వృద్ధురాలి వ్యాజ్యము నిలువదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఈ చట్టమును వృద్ధుల మేలు కోరి ఉదారముగా అన్వయింపవలెనని 2025లో మరియొక వ్యాజ్యమున ఆ కోర్టే పలికినది. అయినను కోర్టు దయపై ఆధారపడుట కంటె, దస్తావేజులో ఒక పంక్తి వ్రాయించుట సులభము. వ్రాసి యిచ్చునప్పుడు పోషణ షరతును, ఇంటిపై జీవితకాలపు అనుభవ హక్కును స్పష్టముగా చేర్పింపుడు. లేదా విల్లు వ్రాయుడు. అది మీ యనంతరమే అమలగును, బ్రతికి యుండగా మార్చుకొనవచ్చును. ఇది బిడ్డలపై అనుమానము కాదు. గట్టు వేసినవాడు పొరుగువానిని దొంగ యనినట్లు కాదుగదా!

సంఘములు చేయదగినదియు నొకటి గలదు. ప్రతి నెల సభ్యుల సమావేశము ముగియు ముందు, “ఈ మారు రాని పెద్దలెవరు?” అని కార్యదర్శి అడుగవలెను. ఆ రాత్రికే ఇరువురు సభ్యులు పోయి వారిని చూచి రావలెను. ఏ విత్తనము ఏ చెలకకు నప్పినదో, ఏ యేట ఏ తెగులు వచ్చినదో, ఏ చెరువు ఎట్లు తెగినదో వారి నోట విని సంఘపు పుస్తకమున వ్రాసికొనవలెను. ఇందుకు ఖర్చు లేదు. అడుగువాడున్నచో చెప్పువానికి ఆయువు కలసి వచ్చునో రాదో మేము చెప్పజాలము. ఆ దినము మాత్రము ఆయన బ్రతుకు నిండును. అట్టి దినములు పోగైనప్పుడే నూరేండ్ల దీవెన ఫలించును.