కుష్ఠువ్యాధి చికిత్సలో కనిపించే ఎరుపు, వాపు, జ్వరం: మందు వికటించిందా?

కుష్ఠువ్యాధికి చికిత్స జరుగుతున్నప్పుడు, ఒక్కొక్కసారి చికిత్స పూర్తయిన తర్వాత కూడా, కొందరిలో ఒక విచిత్ర పరిస్థితి ఎదురవుతుంది. అంతవరకు పాలిపోయి, స్పర్శ లేక, నెలల తరబడి ఒకే రీతిగా ఉన్న మచ్చలు రెండు మూడు రోజులలో ఎర్రబడి ఉబ్బుతాయి. చేతులు, పాదాలు వాస్తాయి. మోచేతి దగ్గర నరం తాడులా గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. మరికొందరిలో జ్వరంతోపాటు ముఖం మీద, చేతుల మీద నొప్పితో కూడిన ఎర్రని గడ్డలు గుంపులు గుంపులుగా లేస్తాయి.

మాత్రలు మొదలుపెట్టక ముందు రోగికి ఇంత బాధ లేదు. అందువల్ల ఇంటిల్లిపాదీ ఒకే నిర్ణయానికి వస్తారు: మందు వికటించింది. వేడి చేసిందని ఒకరు, పథ్యం తప్పిందని మరొకరు, లోపలి విషం బయటికి వస్తోంది కనుక మంచిదేనని ఇంకొకరు. మాత్రలు అటకెక్కుతాయి. ముఖం మీద మచ్చ ఎర్రబడితే అక్కి అనుకొని ఎర్రమన్ను పూయించేవారు, కీళ్ళ నొప్పులుంటే ఆమవాతమనో, చికున్‌గున్యా అనో భావించి నెల రోజులు గడిపేవారు ఉన్నారు. ఈ లోపల చేతి వేళ్ళు కొంకర్లు పోతాయి, లేదా పాదం పైకి లేవడం మానుతుంది.

వైద్యులు ఈ స్థితిని లెప్రా రియాక్షన్ అంటారు. తెలుగులో ప్రతిచర్య అనవచ్చు. కుష్ఠువ్యాధి వల్ల కలిగే అంగవైకల్యంలో ఎక్కువ భాగం ఈ ప్రతిచర్యల సమయంలో నరాలకు జరిగే హాని వల్లనే సంభవిస్తుంది. ఈ సంగతి తెలిసిన కుటుంబాలు బహు తక్కువ.

శాస్త్రంలో కుష్ఠం

ఆయుర్వేదంలో కుష్ఠమనే మాట చాలా విస్తృతమైనది. చరక, సుశ్రుతులు ఏడు మహాకుష్ఠాలను, పదకొండు క్షుద్రకుష్ఠాలను, మొత్తం పద్దెనిమిదింటిని వివరించారు. వీటిలో నేడు తామర, గజ్జి, సోరియాసిస్ అని వ్యవహరించే చర్మవ్యాధులు కూడా చేరతాయి. స్పర్శజ్ఞానం నశించడం, వేళ్ళు రాలిపోవడం, ముక్కు కుంగిపోవడం వంటి లక్షణాలతో వర్ణించిన భాగాలు మాత్రమే మనం ఇప్పుడు కుష్ఠువ్యాధి అంటున్న దానికి సరిపోలుతాయి. కుష్ఠం ఒకరి నుండి మరొకరికి సంక్రమించే వ్యాధులలో ఒకటని సుశ్రుతుడు నిదానస్థానంలో స్పష్టంగా చెప్పాడు.

ఈ విషయం ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. సీసా మీద "కుష్ఠహరం" అని రాసి ఉన్నంత మాత్రాన ఆ ఔషధం ఈ వ్యాధికి ఉద్దేశించినదని అర్థం కాదు. పద్దెనిమిదింటిలో దేనికి చెప్పారో చూడాలి. బొల్లిని శ్వేతకుష్ఠమని పిలవడం వల్ల, అంటువ్యాధి కాని ఆ తెల్లమచ్చలతో ఎందరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆగిపోయాయో పాఠకులకు తెలియనిది కాదు. పేరు ఒకటైతే రోగం ఒకటి కానక్కరలేదు.

ప్రాచీనులు ఈ రోగానికి వాడిన తువరక తైలం సామాన్యమైనది కాదు. చాల్‌మోగ్రా నూనె అన్న పేరుతో ప్రపంచమంతా వాడినది ఈ జాతి చెట్ల గింజల నూనెనే. మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు 1915లో ఆరంభించిన కుష్ఠు చికిత్సాలయంలో కూడా ఈ నూనెను ఇంజెక్షన్లుగా ఇచ్చారు. 1940ల తర్వాత డాప్సోన్ వంటి సల్ఫోన్ మందులు దీని స్థానాన్ని ఆక్రమించాయి. డాప్సోన్ ఒక్కటే వాడితే క్రిములు దానికి లొంగకుండా పోతున్నాయని గ్రహించి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్‌లను కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఎం.డి.టి. అని వాడుకలో ఉన్నది ఇదే. రోగ తీవ్రతను బట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. క్రిమిని చంపే విషయంలో దీనికి సాటి వచ్చే మూలిక లేదని ఈ పత్రికలోనే చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

చచ్చిన క్రిమి చేసే అలజడి

1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొన్న ఈ క్రిమి చర్మంలోను, నరాలలోను కాపురం పెడుతుంది. రిఫాంపిసిన్ మొదటి మోతాదుతోనే అత్యధిక భాగం క్రిములు నశిస్తాయి. కొద్ది రోజులలోనే రోగి నుండి ఇతరులకు వ్యాధి సోకే అవకాశం పోతుంది. కాని చచ్చిన క్రిముల శరీరాలు వెంటనే మాయం కావు. ఇంట్లో ఎలుక చచ్చినా, ఆ కళేబరం తీసేవరకు వాసన పోదు కదా! ఈ కళేబరాలను శరీరం తొలగించుకోవడానికి కొన్ని సంవత్సరాలు పట్టవచ్చు. ఆ ప్రయత్నంలో మన రోగనిరోధక శక్తి ఒక్కసారిగా విజృంభిస్తే, క్రిమి దాగిన చోటనల్లా వాపు, ఎరుపు, మంట పుడతాయి. నరం చుట్టూ గట్టి పొర ఉంటుంది. లోపల వాపు వచ్చినప్పుడు అది సాగలేక నరం నలిగిపోతుంది.

అంటే మందు వికటించలేదు. క్రిమిపై శరీరం తలపెట్టిన యుద్ధం శ్రుతి మించింది. మందు అసలు మొదలుపెట్టక ముందే ప్రతిచర్యతో మొదటిసారి ఆసుపత్రికి వచ్చేవారు ఉండడమే ఇందుకు తార్కాణం.

ఇందులో రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకం ప్రధానంగా మధ్యస్థ వర్గపు రోగులలో వస్తుంది. పాత మచ్చలే ఎర్రబడి ఉబ్బుతాయి, నరాలు నొప్పి పెడతాయి. జ్వరం సాధారణంగా ఉండదు, ఉన్నా స్వల్పం. చికిత్స మొదలైన తొలి ఆరు నెలలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ప్రసవమైన తర్వాతి నెలలలో కూడా దీనిని గమనించాలి. గర్భిణిగా ఉన్నప్పుడు అణగి ఉన్న నిరోధక శక్తి తిరిగి మేల్కొనే సమయమది. బాలింతకు చేతి బలం తగ్గితే బాలింత వాతమని కాషాయాలతో సరిపెట్టే ఇళ్ళలో ఈ మాట గుర్తుంచుకోవడం మేలు.

రెండవ రకాన్ని ఈ.ఎన్.ఎల్. అంటారు. క్రిములు విపరీతంగా ఉన్న రోగులకు ఇది వస్తుంది. మచ్చలతో సంబంధం లేకుండా, ఆరోగ్యంగా కనిపించే చర్మం మీద కూడా ఎర్రని, ముట్టుకుంటే నొప్పి పెట్టే గడ్డలు లేస్తాయి. కొద్ది రోజులలో తగ్గి మళ్ళీ కొత్తవి వస్తాయి. జ్వరం, కీళ్ళ నొప్పులు, కంటి ఎరుపు, వృషణాల వాపు తోడవుతాయి. ఎం.డి.టి. పూర్తయిన తర్వాత కూడా కొందరిని ఇది సంవత్సరాల తరబడి వేధిస్తుంది. సంపాదించే మనిషి నెలకొకసారి మంచం పడితే ఆ ఇల్లు ఏమవుతుందో ఊహించవచ్చు. పని ఎగ్గొట్టడానికి సాకని యజమాని, రోగం తిరగబెట్టిందని భార్య తరఫువారు అనుకుంటారు.

రోగం నిజంగా తిరగబెట్టడం వేరు. అది అరుదు. సాధారణంగా మందు ఆపిన కొన్నేళ్ళకు, నెమ్మదిగా, కొత్త మచ్చలతో మొదలవుతుంది. ప్రతిచర్య హఠాత్తుగా వస్తుంది. అయితే ఈ తేడాను ఇంట్లో కూర్చుని తేల్చుకోరాదు.

ఆలస్యం చేయరాని చికిత్స

మొదటి రకానికి ప్రధానమైన మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. మన జాతీయ కార్యక్రమంలో సామాన్యంగా రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, క్రమంగా తగ్గిస్తూ 12 వారాలు ఇస్తూ వచ్చారు. నరాల హాని ఉన్నచోట ఇంకా ఎక్కువ కాలం ఇవ్వవలసి రావచ్చు. స్పర్శ గాని బలం గాని తగ్గి ఆరు నెలలు దాటకుండా ఉంటే తిరిగి కోలుకొనే అవకాశం బాగా ఉంటుంది. దాటితే ఆశ సన్నగిల్లుతుంది. మొదటి వారంలోనే వెళ్ళినవారికీ ఎనిమిదో నెలలో వెళ్ళినవారికీ మందు ఒకటే, ఫలితం మాత్రం ఒకటి కాదు. పూర్తిగా చచ్చుబడిన చేతికి శస్త్రచికిత్సతో కొంత పని నేర్పవచ్చు. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ విద్యలో ప్రపంచానికి మార్గదర్శకుడయ్యాడు. కాని పోయిన స్పర్శ శస్త్రచికిత్సతో తిరిగి రాదు.

ఈ.ఎన్.ఎల్.కు స్టెరాయిడ్లతోపాటు క్లోఫాజిమిన్ హెచ్చు మోతాదులో ఉపకరిస్తుంది. తీవ్రమైన వారికి థాలిడోమైడ్ ఇస్తారు. ఈ మందు కథ చిత్రమైనది. గర్భిణులు వేసుకుంటే కాళ్ళు చేతులు లేని శిశువులు పుడుతున్నారని 1961లో దీనిని మార్కెట్ నుండి తొలగించారు. కొన్నేళ్ళకు జెరూసలేంలో డాక్టర్ షెస్కిన్, బాధతో నిద్రపట్టని కుష్ఠురోగికి నిద్రమాత్రగా దీనిని ఇచ్చాడు. అనతికాలంలోనే గడ్డలు, జ్వరం తగ్గుముఖం పట్టాయి. ఆ ఫలితాలను 1965లో ప్రకటించాడు. గర్భం ధరించే వయసు స్త్రీలు ఉన్న ఇంట్లో ఈ మాత్రలను తాళం వేసి ఉంచాలి. ఒక్క మాత్ర కూడా గర్భస్థ శిశువుకు ప్రమాదం. పక్కింటివారికి కీళ్ళ నొప్పులని అరువివ్వడం ఎంత మాత్రం కూడదు.

అన్నిటికంటె ముఖ్యం, ప్రతిచర్య వచ్చిందని ఎం.డి.టి. మాత్రలను మానరాదు. రెండూ కలిసి సాగాలి. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా రావడం, క్లోఫాజిమిన్ వల్ల చర్మం నల్లబడడం భయపడవలసినవి కావు. ఆ నలుపు మందు ఆపిన కొన్ని నెలలకు తగ్గిపోతుంది. కాని డాప్సోన్ మొదలుపెట్టిన తొలి వారాలలో ఒళ్ళంతా దద్దురు, జ్వరం, కామెర్లు కనబడితే అది వేరే సంగతి, వెంటనే వైద్యునికి చూపాలి.

స్టెరాయిడ్ వాడే ఇంట్లో మూలికల విషయం

స్టెరాయిడ్ అనగానే మన పాఠకులలో పలువురికి గుండె గుభేలుమంటుంది. ఆ భయం అకారణం కాదు. మధుమేహం, రక్తపోటు, కడుపులో పుండు పెరగవచ్చు. దాగి ఉన్న క్షయ బయటపడవచ్చు. ఇవన్నీ పరీక్షించిన తర్వాతనే మొదలుపెడతారు. కాని వారం రోజులలో వాపు తగ్గిందని, భయంతోనో ధీమాతోనో హఠాత్తుగా ఆపివేస్తే మరింత ప్రమాదం. నరం మళ్ళీ వాస్తుంది. పైగా శరీరం తన సహజ స్టెరాయిడ్‌ను తయారు చేయడం మందగించి ఉంటుంది కనుక నీరసం, రక్తపోటు పడిపోవడం కలుగుతాయి.

ఈ కాలంలో కడుపు మంటకని అతిమధురం చూర్ణం రోజూ వాడే అలవాటు కొందరికి ఉంది. అతిమధురం స్టెరాయిడ్ ప్రభావాన్ని పెంచుతుంది, పొటాషియం తగ్గించి రక్తపోటు, వాపులు ఎక్కువ చేస్తుంది. కాబట్టి మానాలి. బావంచాల నూనె, నల్లజీడి పూతలు చర్మాన్ని పొక్కిస్తాయి. స్పర్శ లేని మచ్చ మీద పొక్కినా రోగికి తెలియదు. రక్తశుద్ధి పేరిట తీవ్ర విరేచనాలు చేయించడం, జ్వరంతో ఉన్నవారిని లంఘనాలు పెట్టడం నీరసాన్ని పెంచుతాయే తప్ప నరాన్ని కాపాడవు. మాంసం, గుడ్లు, వంకాయ మానాలన్న పథ్యానికి ఈ వ్యాధిలో ఆధారం లేదు. డాప్సోన్ వల్ల రక్తం తగ్గవచ్చు కనుక మునగాకు, తోటకూర, పప్పులు, నువ్వులు పుష్కలంగా పెట్టాలి. స్టెరాయిడ్ వాడినంత కాలం ఉప్పు, తీపి తగ్గించాలి.

ఇంట్లో చేయదగినవి

వాచిన చేతికి విశ్రాంతి కావాలి. మెత్తని గుడ్డతో కట్టి, మోచేయి కొద్దిగా వంచి మెడకు వేలాడదీయవచ్చు. కాపడం పెట్టరాదు. స్పర్శ లేని చేతికి, కాలికి ఇసుక మూట, వేడినీళ్ళ సీసా వల్ల కాలిన పుండ్లు ఎన్నో చూస్తుంటారు. స్నానపు నీటి వేడిని ఇంట్లో మరొకరు చూసి చెప్పాలి.

ప్రతి రాత్రి పాదాలను చల్లని మంచినీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని నున్నని రాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె గాని ఆముదం గాని రాయాలి. మన పాదాభ్యంగం ఇక్కడ ఎంతో ఉపయుక్తం. చెమట పట్టని పొడి చర్మం పగలకుండా కాపాడుతుంది. నూనె రాసే చేయే పాదాన్ని పరీక్షించాలి. పగుళ్ళు, ముల్లు, చెప్పు ఒరిపిడి ఉన్నాయేమో చూడాలి. చెప్పులు మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరువి అయితే మంచిది.

వారానికొకసారి, ఆదివారమనుకొంటే మరచిపోరు, కొన్ని పరీక్షలు చేయాలి. కళ్ళు సుతారంగా మూయమని చెప్పి రెప్పల మధ్య సందు ఉందేమో చూడాలి. చిటికెన వేలిని పక్కకు చాపమని, ఉంగరపు వేలి వైపు నెట్టినప్పుడు నిలబెట్టగలరేమో గమనించాలి. మడమల మీద నాలుగడుగులు నడిపించాలి. రోగి కళ్ళు మూసుకొని ఉండగా బాల్‌పెన్ మొనతో అరచేతిలో, అరికాలిలో మెల్లగా తాకి, తాకిన చోటు చూపమనాలి. గత వారం తెలిసిన చోటు ఈ వారం తెలియకపోతే నొప్పి లేకపోయినా ప్రతిచర్య జరుగుతున్నట్టే భావించాలి. సడి చప్పుడు లేకుండా నరాలు చచ్చుబడే రకం ఒకటి ఉంది.

ఇవేవి కనిపించినా మరునాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. ఊళ్ళో ఆశా కార్యకర్తకు చెప్పినా ఆమె తీసుకువెళుతుంది. కన్ను ఎర్రబడి చూపు మసకబారితే మరునాటి వరకు కూడా ఆగరాదు. మందుల కోర్సు ఎప్పుడో పూర్తయిందని, కార్డు చిరిగిపోయిందని మొహమాటపడనక్కరలేదు. 2023లో ప్రపంచం మొత్తం మీద నమోదైన సుమారు 1 లక్షా 82 వేల కొత్త కేసులలో సగానికి పైగా మన దేశంలోనివే. ఆ కేంద్రంలోని వైద్యునికి మీరు మొదటి రోగి కాబోరు. పాత కార్డు, మాత్రల ఖాళీ అట్టలు ఉంటే వెంట తీసుకువెళ్ళండి. వాపు ఏ రోజున మొదలైందో ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళండి.